రావలసిన పైకము, పోయిన కాలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నడిగిరి. ఏటేట నేను చెప్పునది అదియే గనుక వారట్లడుగుట న్యాయమే. కాని ఈ యేడు మా యింట జరిగిన యొక సంగతి చెప్పుటకు అనుమతి వేడితిని. వారు దయతో అంగీకరించిరి. ఇందు భారతము లేకపోలేదు. అది ఎచ్చటనున్నదో ముందు తెలియగలదు.

నేను సహకార పరపతి సంఘములో లెక్కలు వ్రాయుచుండువాడను. మా తండ్రి తాతలు కరణములు. 1984లో ఆ యుద్యోగము రద్దు కాగా దస్తరములు పోయినవి గాని లెక్కల బుద్ధి మమ్ము విడువలేదు. పెద్ద చదువులు నాకు లేవు. తిక్కన సోమయాజియు, పావులూరి మల్లన గణితమును నాకు పరిచయమైనది ఈ గ్రంథాలయమునందే. ఇట్టివాడు తన యింటి లెక్కలో తప్పుట వింత. ఆ వింతనే చెప్పబోవుచున్నాను.

2024 అక్టోబరు మొదటి వారమున మా అక్కయ్యకు పక్షవాతము వచ్చినది. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. పట్టణములోని ఆసుపత్రిలో పదునొకండు దినములుంటిమి. మా మేనల్లుడు తల్లి పేర ఆరేండ్లుగా ఆరోగ్యబీమా కట్టుచున్నాడు. ఆ ఆసుపత్రి బీమా కంపెనీవారి జాబితాలో లేనందున పైకము మేమే చెల్లించి తరువాత రాబట్టుకొనవలసి వచ్చినది. ఆసుపత్రి ఖర్చు 1,48,600 రూపాయలు. ఇంటికి వచ్చిన పిదప మందులకును, ఫిజియోథెరపీకిని అయినది 27,900 రూపాయలు. ఇవిగాక రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండుటకు కుదిరిన ఆయమ్మకు నెలకు 12,000 రూపాయలు.

నవంబరు మొదట కాగితములు పంపితిమి. ఆ నెలాఖరున జాబు వచ్చినది. డిశ్చార్జి సమ్మరీ అసలు ప్రతి కావలెనట. పంపితిమి. డిసెంబరు చివర మరియొక జాబు. రక్తపోటు ఎప్పటినుండి యున్నదో వైద్యుడు వ్రాసి యీయవలెనట. పంపితిమి. ఫిబ్రవరిలో మూడవ జాబు. బ్యాంకు చెక్కు ఒకటి రద్దుచేసి పంపవలెనట. ఈ మూడు ఒక్క జాబులో అడుగరాదా? అడుగవచ్చును. కాని ఆ ప్రశ్న నేనాదినములలో వారిని వ్రాతమూలముగా అడుగలేదు. ఫోను చేయుట, "పరిశీలనలో ఉన్నదండీ" అను మాట వినుట, "వచ్చునులే" అని యూరకుండుట, ఇదియే నేను చేసిన పని.

మేనల్లుడు అప్పటికే రెండుచోట్ల అప్పుచేసెను. జనవరిలో అక్కయ్య నన్ను పిలిచి, "తమ్ముడూ, ఆ చేయి తోమే అబ్బాయిని మాన్పించెయ్యరా. బీమా డబ్బులు వచ్చాక మళ్లీ పిలుద్దాం. పిల్లవాడు నలిగిపోతున్నాడు" అన్నది. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ యబ్బాయి రాక మానెను. పక్షవాతము వచ్చిన తొలి మూడు నుండి ఆరు నెలలు అవయవములు తిరిగి పట్టుచిక్కుటకు మిక్కిలి విలువైన కాలమని వైద్యుడు ముందే చెప్పియుండెను. ఆ కాలములో రెండు మాసములు అట్లు జారిపోయినవి. కాలు కొంత స్వాధీనమైనది. చేయి కాలేదు. ఆ రెండు మాసములలో వచ్చెడిదియో రాదో ఏ వైద్యుడును నిశ్చయముగా చెప్పజాలడు. కాని ఆ సందేహము నన్ను విడుచుట లేదు.

ఫిబ్రవరిలో ఒకనాటి సాయంకాలము ఈ గ్రంథాలయములోనే బల్లమీద ఉద్యోగపర్వము తెరచియుంచితిని. యుద్ధమునకు ముందు ద్రుపదుని పురోహితుడు పోయెను. సంజయుడు వచ్చెను. తుదకు శ్రీకృష్ణుడే పోయెను. ఒక మెట్టు తరువాత ఒక మెట్టు. అడిగినది నిండుకొలువులో, పదిమంది యెదుట. ఏది కావలెనో స్పష్టముగా, తక్కువలో తక్కువ అయిదూళ్లని లెక్కకట్టి మరీ అడిగిరి. ఇన్నిమారులు ఆ పర్వము చదివి, సభలలో చెప్పి, నాకు రావలసినది నేను టెలిఫోనులో బ్రతిమాలుకొనుచుంటినే యని సిగ్గుపడితిని. ఆ రాత్రి ఇంటికిపోయి పాలసీ కాగితమును మొదటి పుట మొదలు కడపటి పుట దనుక చదివితిని. ఆరేండ్లలో అదే మొదటిసారి.

చదివిన మీదట తెలిసిన విషయములు మీకును పనికివచ్చును గనుక చెప్పుచున్నాను.

మొదటిది. బీమా నియంత్రణ సంస్థవారు 2024లో ఇచ్చిన ఉత్తరువుల ప్రకారము, మనము ముందు చెల్లించి తరువాత కోరు ఆరోగ్య క్లెయిములను కంపెనీ 15 దినములలో తేల్చవలెను. ఆలస్యమైనచో బ్యాంకు రేటుకంటె 2 శాతము అధికముగా వడ్డీ యీయవలెను. వడ్డీ వారి దయ కాదు, మన హక్కు.

రెండవది. పాలసీ ఎడతెగక అయిదేండ్లు, అనగా అరువది మాసములు, నడచినచో, మోసము ఋజువైన నాడు తప్ప, పూర్వపు జబ్బు చెప్పలేదను మిషతో క్లెయిమును త్రోసిపుచ్చరాదు. ఇదియు 2024 నుండి అమలులోనున్నది. అంతకుముందు ఆ గడువు ఎనిమిదేండ్లు. మా పాలసీకి ఆరేండ్లు నిండినవి గనుక రక్తపోటును గూర్చిన ప్రశ్నకు మేము భయపడనక్కరలేకపోయెను. భయపడి మూడు వారములు తడబడితిమి.

మూడవది. ఆలస్యము వేరు, నిరాకరణము వేరు. ఆయమ్మ జీతము కంపెనీవారు ఇయ్యరు. పాలసీలో లేదు. మన దేశమున సాధారణ ఆరోగ్య పాలసీలు ఆసుపత్రి ఖర్చును, దానికి ముందు వెనుకల కొన్ని దినముల ఖర్చును భరించును గాని, మంచము పట్టినవారికి నెలల తరబడి చేయు సేవకు చెల్లింపవు. జర్మనీలో 1995 నుండియు, జపానులో 2000 నుండియు ఇట్టి సేవకు ప్రత్యేకముగా బీమా కలదు. జపానులో నలువది యేండ్లు దాటిన ప్రతివారును దానికి రుసుము కట్టుదురు. మనకు అట్టిది లేదు. ఆంధ్రప్రదేశములో పక్షవాతముతో పూర్తిగా మంచమునంటిన అర్హులకు 2024 జూలై నుండి నెలకు 15,000 రూపాయల పింఛను కలదు. అట్టివారు మన యూరనున్నచో దరఖాస్తు వ్రాయుటకు నా చేయి సిద్ధము. కావున రానిదానికై పోరాడి రావలసినదానిని జాగుచేసికొనరాదు.

ఇక నేను చేసిన పని. ఒక చిట్టా పుస్తకము తీసి గీతలు గీసితిని. తేది, పంపిన కాగితము, అందిన రుజువు, వారి జవాబు, మాటలాడినవారి పేరు. ప్రతి జాబునకు నకలు ఉంచితిని. జాబులు స్పీడు పోస్టులో పంపితిని. పెద్దలు కొందరు రిజిష్టరు తపాలాయే మేలని యిప్పటికిని తలచుచున్నారు. అది 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినదని గమనింపుడు. అంతట కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి జాబు వ్రాసితిని. "ఇంకను కావలసిన కాగితములేవేని యున్నచో అన్నియు ఒక్కమారే తెలుపుడు. లేనియెడల పైకము వడ్డీతో పంపుడు" అని మాత్రమే వ్రాసితిని. నిష్ఠురములు వ్రాయలేదు. బీమా భరోసా అను నియంత్రణ సంస్థవారి ఫిర్యాదుల విభాగమునకును తెలిపితిని. దానికి 155255 అను ఫోను నంబరు కలదు.

నెల దాటినను తృప్తికరమైన జవాబు రాలేదు. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు వ్రాసితిని. ఆంధ్ర తెలంగాణములకు ఆ కార్యాలయమే. అచ్చట రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు తగవులు వినుదురు. కంపెనీకి ముందు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, ఒక మాసము వేచియుండవలెను. కంపెనీ త్రోసిపుచ్చిన నాటినుండి ఏడాదిలోపల పోవలెను. ఈ గడువులు మరువకుడు. కాగితములు నా చిట్టా వరుసలోనే కుట్టి పంపితిని. విచారణకు ముందే కంపెనీవారు రాజీకి వచ్చిరి.

2025 జూనులో పైకము వచ్చినది. కోరినది 1,76,500 రూపాయలు. పాలసీలో చెల్లని పద్దులకు 13,300 రూపాయలు తగ్గించి 1,63,200 రూపాయలును, దానిపై వడ్డీయును ఇచ్చిరి. తగ్గించినది న్యాయమే. సరిచూచితిని. అప్పులు తీరినవి. ఫిజియోథెరపీ తిరిగి మొదలైనది.

ఆ దినమున నేను చిట్టా మూయుచు, "అక్కయ్యా, లెక్క సరిపోయింది" అంటిని. ఆమె తన కుడిచేతిని ఎడమచేతితో ఎత్తి ఒడిలో పెట్టుకొని, "డబ్బు లెక్కే కదరా" అన్నది. కోపముతో అనలేదు. కాని అంతకంటె కఠినమైన తీర్పు ఏ న్యాయస్థానమును నాకు చెప్పజాలదు. కంపెనీవారి ఆలస్యము ఏడు మాసములు. అందు నాలుగు మాసములు నా యుపేక్షవలన కలిసివచ్చినవి. నవంబరులో చేయవలసిన పని నేను ఫిబ్రవరిలో మొదలుపెట్టితిని.

సోదరులారా, గ్రంథాలయము కావ్యములకు మాత్రమే కాదు. మన యిండ్లలో ఇనుపపెట్టెలలో మూలుగు పాలసీలు, పాసుపుస్తకములు, పింఛను కాగితములు కూడ చదువదగిన గ్రంథములే. కష్టము వచ్చిన నాడు వానిని తొలిసారి తెరచుట ఆలస్యము. కాబట్టి కార్యవర్గమువారికి ఒక మనవి. ప్రతి ఆదివారము ఉదయము ఒక గంట ఈ హాలులో నేను కూర్చుందును. ఎవరి కాగితము వారు తెచ్చుకొనుడు. కలిసి చదువుదము. ఏది వచ్చునో, ఏది రాదో, ఏ గడువు ఎన్నడో ఒక చీటీమీద వ్రాసి యిత్తును. ఎవరి కాగితము వారియొద్దనే యుండును. దీనికి చందా లేదు.

ఈ సంగతి సభలో చెప్పుటకు అక్కయ్య అనుమతి తీసికొంటిని. "చెప్పు. నీ తప్పు కూడా చెప్పు" అన్నది. చెప్పితిని. ఆమె యిప్పుడు ముందువరుసలో చక్రాల కుర్చీలో ఉన్నది. ఎడమచేతితో భాగవతము పుటలు త్రిప్పుట నేర్చుకొన్నది. మన గ్రంథాలయమునుండి మాసమునకు నాలుగు పుస్తకములు ఆమె పేర వచ్చుచున్నవి. తప్పక గడువులోపల తిరిగి పంపుచున్నది. నాకంటె ఆమెయే మంచి లెక్కలమనిషి.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.