వేణ్ణీళ్ళ బాయిలరు, గీజరు: బాగుచేయించేది ఎప్పుడు, మార్చేది ఎప్పుడు?

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడే పెద్దలు నా తరువాత ఉన్నారు. నాకు అప్పగించిన విషయం చిన్నది: ఇంట్లో వేణ్ణీళ్ళు కాచుకునే సాధనాలు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కాని డెబ్బై దాటిన ఒంటికి చలికాలంలో వేణ్ణీళ్ళు తప్పవు. ఆ సాధనం సరిగా లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

వేదాద్రిలో కృష్ణ స్నానం చేసే మనం ఇంటికి వస్తే చాలావరకు బోరు నీళ్ళే వాడతాం. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేల సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. ఇటువంటి నేలలో ఊరిన నీటిలో సున్నం కరిగి ఉంటుంది. కాచినప్పుడు అది విడివడి తెల్లని పొరగా పేరుకుంటుంది. నీరు ఎంత వేడెక్కితే పొర అంత త్వరగా కడుతుంది.

మన పెద్దల నాటి రాగి బాయిలరు మీకందరికీ తెలుసు. మధ్యలో నిప్పు గొట్టం, చుట్టూ నీళ్ళు, కింద కుళాయి, పైన నీళ్ళు పోసే మూతి. నీళ్ళు లేకుండా నిప్పు వేస్తే మాటు కరిగి కారడం మొదలవుతుంది. మూతి బిగించకూడదు, ఆవిరికి దారి ఉండాలి. ఈ రెండూ పాటిస్తే అది తరాలు నిలుస్తుంది. చిల్లుపడితే మాటు వేయించుకోవచ్చు, ఎందుకంటే లోపల ఒత్తిడి ఉండదు.

గీజరు సంగతి వేరు. అది మూసిన పాత్ర. 15 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగిన నీరు సేఫ్టీ వాల్వు నుంచి బొట్లుబొట్లుగా కారుతుంది. అది లోపం కాదు, దాని డ్యూటీ అది చేస్తోందన్నమాట. థర్మోస్టాటు చెడి నీరు మరిగితే, మనల్ని కాపాడేవి కటౌటూ ఈ వాల్వే. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది మరి.

మా వీధిలో ఒక ఇంట్లో, బాత్‌రూములో నీళ్ళు కారుతున్నాయని ఒక మెకానిక్కు ఆ వాల్వు మూతికి బిరడా బిగించి వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఒక రాత్రి ట్యాంకు అతుకు చీలి గోడ పెచ్చు లేచింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. స్విచ్చి ఆపినా రోజంతా కారుతుంటే వాల్వు మార్చండి. అంతేగాని మూయించకండి.

ఇక మరమ్మతు. నీళ్ళు కాగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడితే, లోపల గరగర శబ్దం వస్తే, సున్నం పట్టిందని అర్థం. కరెంటు ఆపించి, నీరు వదిలించి, ఎలిమెంటు విప్పించి సిట్రిక్ ఆమ్లంతోగాని వెనిగరుతోగాని శుభ్రం చేయించండి. మెగ్నీషియం కడ్డీ ఉన్న ట్యాంకయితే దాన్నీ చూడమనండి. ట్యాంకుకు పట్టవలసిన తుప్పు ముందు అది తింటుంది. సన్నబడితే మార్చాలి. ఎలిమెంటు, థర్మోస్టాటు, వాసరు, వాల్వు, ఇవన్నీ మార్చుకోదగిన భాగాలే. వీటి కోసం కొత్త గీజరు కొననక్కరలేదు. ట్యాంకే కారితే మాత్రం అతుకు వేయించవద్దు, గీజరు మార్చేయండి.

భద్రత గురించి నాలుగు మాటలు. ఎర్తింగు సరిగా ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించాలి. 60 డిగ్రీల నీరు అయిదారు సెకండ్లలో ఒళ్ళు కాలుస్తుంది. బకెట్లో ముందు చన్నీళ్ళు, తరువాత వేణ్ణీళ్ళు పోసుకోండి. రాడ్డు వాడేవారు ప్లగ్గు తీశాకే నీళ్ళు ముట్టుకోవాలి. గ్యాసు గీజరు స్నానాల గదిలో ఉండనే కూడదు. దాని విషవాయువుకు వాసన ఉండదు.

మనలో కొందరు చలికాలంలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళుతుంటారు. న్యూయార్కు వంటి చోట్ల పాత భవనాల్లో ఆవిరి రేడియేటర్లు ఇంకా ఉన్నాయి. ఒకే గొట్టం ఉన్న రేడియేటరులో ఆవిరి వచ్చేదీ, చల్లబడిన నీరు తిరిగి పోయేదీ అందులోంచే. కనుక వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తిప్పితే నీరు నిలిచి దడదడమని కొడుతుంది. పక్కనున్న గాలి రంధ్రానికి రంగు పూసినా, గుడ్డ చుట్టినా రేడియేటరు వేడెక్కదు. రాగి బాయిలరు మూతికి చెప్పిన సూత్రమే ఇక్కడా: దారి మూయకండి.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. గీజరుకు కూడా ఏటా కార్తీకానికి ముందు ఒక తనిఖీ చేయిద్దాం. ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్న మన సభ్యుల ఇళ్ళలో, పెన్షనర్ల భార్యలు, వితంతువుల ఇళ్ళలో ఎవరో ఒకరం దగ్గరుండి చూపిద్దాం. ఈ పని సంఘమే తలకెత్తుకోవాలని కార్యవర్గానికి మనవి.