కూటి విద్యలోనే కళ



ఈరోజు ఆగస్టు 19. డాగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని 1839లో ఇదే రోజున పారిస్‌లో లోకానికి వెల్లడి చేశారు. ఏటా ఆ పేరున మన ఫొటోగ్రాఫర్లం విజయవాడ భవానీపురంలో కలుసుకుంటున్నాం. ఈసారి నిర్వాహకులు నాకిచ్చిన అంశం: ఫైన్ ఆర్ట్ ఫొటో తీసేవాళ్ళకు సొంత స్ఫూర్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నా జవాబు ముందే చెప్పేస్తాను. మనం ఏ పని చేసి బతుకుతున్నామో ఆ పని లోంచి, ఏ ఊళ్ళో బతుకుతున్నామో ఆ ఊరి లోంచి వస్తుంది. ఈ గదిలో ఉన్నవాళ్ళలో చాలామందికి అన్నం పెట్టేది పెళ్ళిళ్ళు. కాని ఆర్ట్ అనగానే పెళ్ళి కెమెరాను బ్యాగులో పెట్టేసి కాశీకో, పుష్కర్‌కో, అరకుకో బయల్దేరతాం. పెళ్ళి ఫొటో కూడు కోసం, ఆర్ట్ ఫొటో పేరు కోసం అని మనసులోనే రెండు గదులు కట్టుకున్నాం. ఆ రెంటి మధ్య గోడే మనకు స్ఫూర్తి లేకుండా చేస్తోందని నా నమ్మకం.

సలోన్లను, అంటే ఫొటో పోటీ ప్రదర్శనలను, నేను తక్కువ చేయను. కంపోజిషన్ క్రమశిక్షణ మనలో చాలామందికి నేర్పింది అవే. కాని వాటికి వెళ్తున్న ఎంట్రీలు ఒక్కసారి వరసగా పెట్టి చూడండి. పొగ వేయించి, చెట్ల సందుల్లోంచి కిరణాలు పడేలా నిలబెట్టి, తలపాగా చుట్టించిన ముసలాయన చేతికి కర్ర ఇచ్చి తీసిన బొమ్మలు ఎన్ని! ఒకే టూరులో, ఒకే మనిషిని, పక్కపక్కన నిలబడి పదిమంది తీస్తారు. ఆ ముసలాయన పేరు పదిమందిలో ఒక్కరికీ తెలియదు. ఆ బొమ్మకు మెడల్ రావచ్చు. కాని అందులో తీసినవాడు ఎక్కడున్నాడు? పేరు చెరిపేస్తే అది ఎవరి ఫొటోనో మనమే పోల్చుకోలేం.

కూటి పనిలో నేర్చిన చూపునే కెమెరాలోకి తెచ్చినవాళ్ళను చూద్దాం. మన తెలుగు నేల మీద కెమెరాతో రాజ్యమేలినవాడు రాజా దీన్‌దయాళ్. పుట్టింది మీరట్ దగ్గర సర్ధానాలో, 1844లో. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే పని, నక్షాలు గీసే పని చేశారు. కెమెరా పట్టింది ఆ ఉద్యోగంలో ఉండగానే. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన తీసిన కోటలు, మహళ్ళు చూడండి. స్తంభాలు నిటారుగా నిలబడతాయి, మెట్లు లెక్క ప్రకారం దిగుతాయి, కట్టడం బరువు ఎక్కడ ఆనుతోందో కంటికి తెలుస్తుంది. నక్షా గీసే గుమాస్తా కన్ను అది. ఆఫీసులో నేర్చిన చూపును ఆయన ఆఫీసులోనే వదిలేసి రాలేదు. మనలో భవానీపురం ఐరన్ యార్డులో పగలంతా లెక్కలు రాసి సాయంత్రం కెమెరా పట్టేవాళ్ళుంటే, వాన పడ్డాక ఇనుప ఊచల కట్టల మీంచి తుప్పు నీళ్ళు ఏ రంగులో కారతాయో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఆ బొమ్మ వాళ్ళు తీయాల్సిందే. నేను వెళ్ళి తీస్తే అది టూరిస్టు ఫొటో అవుతుంది.

ఇంకొకాయన యోసెఫ్ సుదెక్, ప్రాగ్ నగరం. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. బతుకుతెరువు కోసం ప్రకటనల ఫొటోలు తీశాడు: గాజు సామాన్లు, పింగాణీ కప్పులు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక వీధిలో కెమెరా పెట్టుకుని తిరగడం కష్టమైపోయింది. అప్పుడు తన స్టూడియో కిటికీ వైపు తిరిగాడు. 1940 నుంచి 1954 దాకా ఆ కిటికీని మళ్ళీ మళ్ళీ తీశాడు. అద్దం మీద ఆవిరి, బయట వంకర తిరిగిన చెట్టు, కిటికీ గట్టు మీద ఒక గ్లాసు నీళ్ళు. గాజు మీద వెలుగు ఎలా ఆగుతుందో, ఎలా దాటిపోతుందో కంపెనీల కోసం పనిచేస్తూ నేర్చుకున్న మనిషి ఆయన. ఆ కూటి పనే లేకపోతే ఆ గ్లాసు అలా వెలిగేదా?

సరే, మన భవానీపురానికి వద్దాం. మనం బ్యారేజీకి ఎగువన ఉన్నాం. ప్రకాశం బ్యారేజీ నిండితే 12 అడుగులు, 3.07 టీఎంసీలు. గేట్లు దించి ఉన్నన్నాళ్ళూ మన రేవుల దగ్గర కృష్ణ నదిలా కాక చెరువులా ఉంటుంది. గాలి లేని తెల్లవారుజామున నీళ్ళు కదలవు. తూర్పున ఇంద్రకీలాద్రి అడ్డం, కాబట్టి ఆకాశం తెల్లబడ్డాక కూడా చాలాసేపు నేరుగా ఎండ తగలదు. ఆ మెత్తటి వెలుగు కోసమే కదా మనం ప్రీ వెడ్డింగ్ జంటల్ని పున్నమి ఘాట్‌కి, భవానీ ద్వీపానికి తీసుకుపోతాం. అక్కడ మన పని ఎలా సాగుతుంది? ఫ్రేములోకి పుట్టి వస్తే, "బాబాయ్, కాస్త పక్కకి జరుగు" అని కేకేస్తాం. మెట్ల మీద ఆరేసిన వల అడ్డమైతే తీయించేస్తాం. భవానీ దీక్ష విరమణ రోజుల్లో భక్తులు వదిలేసిన ఎర్ర బట్టలు రేవులో తేలుతుంటే ఎడిటింగ్‌లో చెరిపేస్తాం. పార్టీ డబ్బిచ్చేది అందుకే, తప్పులేదు. కాని ఎవరికి వాళ్ళం ఏం చెరుపుతున్నామో ఎప్పుడైనా ఒక జాబితా రాసుకున్నామా? ఏది చెరిపేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం వెనకాడుతుందో అది మీ సబ్జెక్టు. దాని కోసం రైలెక్కక్కర్లేదు.

2024 సెప్టెంబరు మొదటి వారం మనందరికీ గుర్తే. బుడమేరు విరుచుకుపడింది, సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఇటు బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది, పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. ఆ పడవల్ని మనలో దాదాపు అందరం తీశాం. పత్రికల్లోనూ వచ్చాయి. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం వేరే ఉంది.

నీళ్ళు తీశాక సింగ్‌నగర్‌లో ఒక డాబా మీద బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాల పక్కన ఒక పెళ్ళి ఆల్బమ్ ఆరబెట్టి ఉంది. డిజిటల్‌కు ముందు రోజులది, కలర్ పేపర్ మీద ప్రింట్లు వేసి కార్నర్లు అంటించిన పాత ఆల్బమ్. దగ్గరగా కూర్చుని చూశాను. కలర్ పేపర్‌లో మూడు పొరలుంటాయని ల్యాబులో పనిచేసినవాళ్ళకు తెలుసు: పైన సయాన్, మధ్యన మెజెంటా, అడుగున పసుపు. నీళ్ళలో జెలటిన్ ఉబ్బి మెత్తబడి, పై పొర ముందు కొట్టుకుపోతుంది. అందుకే తడి ఎక్కిన అంచుల వెంట బొమ్మ ఎర్రబడింది, ఆ వెలుపల పసుపయింది, చిట్టచివర ఉట్టి తెల్ల కాగితం మిగిలింది. తలంబ్రాల ఫొటోలో పెళ్ళికొడుకు చెయ్యి ఉంది, తలంబ్రాలు ఉన్నాయి, పెళ్ళికూతురి ముఖం లేదు. అది ఎదురు పేజీకి అంటుకుపోయింది. ఆ పేజీలో ఉన్నది భోజనాల పంక్తి. విస్తరి ముందు కూర్చున్న ఒక పెద్దాయన భుజం మీద, తిరగబడి, ఆమె బుగ్గచుక్క, బాసికం.

నలభై ఏళ్ళు కెమెరా పట్టినా అలాంటి ఫ్రేము ఎవరూ ఊహించలేరు. కాని దాన్ని చదవగలిగేది ఎవరు? అది తలంబ్రాల ఘట్టమని ముఖం లేకుండానే గుర్తుపట్టేది, ఏ పొర ముందు పోయిందో చెప్పగలిగేది, అక్కడ నిలబడి ఆ ఫొటో తీసిన ఫొటోగ్రాఫర్ ఏ పక్క ఫ్లాష్ పెట్టాడో నీడను బట్టి తెలుసుకునేది పెళ్ళి ఫొటోగ్రాఫరే. ఢిల్లీ నుంచి పేరున్న ఆర్టిస్టు వచ్చినా అందులో రంగులే చూస్తాడు. మన వృత్తి, మన ఏరు, మన ఊరి కష్టం ఆ ఒక్క పేజీలో కలిశాయి. ఇంతకంటే సొంతమైన విషయం మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఇంటావిడ నన్నడిగిన మాట మీతో చెప్పాలి. "ఏమండీ, మా అమ్మ ముఖం మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. ఆ ఫొటోలోని పెళ్ళికూతురు ఆవిడ అమ్మగారే, అప్పటికే పోయారు. అలాంటి మాట విన్నాక ఆ పేజీని అందమైన బొమ్మగా తీసుకుని వచ్చేయడం కుదరదు. ముందు పేజీలన్నీ కాపీ చేయాలి, అంటుకున్న ముఖాన్ని తిప్పి చోటికి చేర్చాలి, ప్రింటు వేసి వాళ్ళ చేతికివ్వాలి. ఆ తర్వాతే, వాళ్ళు సరేనంటేనే, మన బొమ్మ. ఎవరి బతుకులోంచి స్ఫూర్తి పొందుతున్నామో వాళ్ళకు ముందు మన పని అందాలి. ఇందులో నాకు రాజీ లేదు.

కాబట్టి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వరదకు తడిసిన ఆల్బమ్‌లు ఇంకా బీరువాల పైన, మంచాల కింద ఉన్నాయి. పారేయడానికి మనసొప్పదు, తెరిచి చూడటానికి ధైర్యం చాలదు. మనలో రీటచింగ్ బాగా వచ్చినవాళ్ళు ముందుకొస్తే ఆదివారాలు కూర్చుని వాటిని ఉచితంగా బాగుచేసిద్దాం. ఒక హెచ్చరిక: అంటుకున్న పేజీలను పొడిగా లాగొద్దు, బొమ్మ మొత్తం ఊడొస్తుంది. ముందు ఉన్నదున్నట్టు ఫొటో తీసి, తర్వాతే విడదీసే పని మొదలుపెట్టాలి. ఒప్పుకున్న కుటుంబాల పేజీలతో వచ్చే ఆగస్టు 19కి ఇక్కడే ప్రదర్శన పెడదాం. ప్రొజెక్టర్ వద్దు, ప్రింట్లే వేద్దాం. ఆ ప్రింట్ల కింద మన పేరుతో పాటు పాత ఆల్బమ్ తీసిన ఫొటోగ్రాఫర్ పేరు కూడా ఉండాలి. ఆ రోజుల్లో చాలామంది ఆల్బమ్ చివరి అట్ట మీద స్టూడియో ముద్ర వేసేవారు, తడిసినా చాలావాటిలో అది చదవడానికి వస్తుంది. ఇష్టమున్నవాళ్ళు భోజనాలకు లేచే ముందు కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి.