రేటు ఆపితే సరిపోదు, లెక్క అడగాలి
(జిల్లా కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీటరు రీడింగు తీసి ఇచ్చిపోయిన కరెంటు బిల్లును మనం ఎలా చూస్తాం? కింద ఎంత కట్టాలో చూసి, ఒకసారి తిట్టుకుని, గూట్లో పెడతాం. ఈసారి పైనుంచి చదవండి. కాల్చిన యూనిట్ల ఖరీదు ఒక వరుస. తర్వాత ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం. ఆంధ్రప్రదేశ్‌లో గత కొన్నేళ్లలో వీటి కింద ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అనే వరుసలు కూడా చేరాయి. అవి వెనకటి నెలల్లో, ఏళ్లలో కాల్చిన కరెంటుకు ఇప్పుడు వసూలు చేసే డబ్బు. ‘ఈ ఏడాది ఛార్జీలు పెంచలేదు’ అని ప్రకటన వస్తుంది. రేటు పెరగదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఇదెలా జరుగుతుందో ఇవాళ చూద్దాం.

చట్టం ప్రకారం ధర నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. ఉమ్మడి రాష్ట్రంలో అది 1999లో వచ్చింది. 2000లో ఛార్జీలు భారీగా పెంచారు. జనం రోడ్డెక్కారు. ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పటినుంచి ‘రేటు పెంచుతున్నాం’ అనడానికి ప్రభుత్వాలు జంకుతున్నాయి. అది పోరాటం సాధించిన ఫలితం. కానీ రేటు ఆగినంత మాత్రాన ఖర్చు ఆగదు. బొగ్గుకు, బయట కొన్న కరెంటుకు ఎవరో ఒకరు కట్టాలి.

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ దీనికి దారి చూపింది. మండలి పెట్టిన ధరకన్నా తక్కువకు ఇవ్వాలని ప్రభుత్వం కోరితే, ఆ తేడా సొమ్ము ముందుగా కట్టాలి. ప్రకటన చేసి సొమ్ము ఆలస్యం చేస్తే డిస్కం అప్పు తెస్తుంది. అప్పుకు వడ్డీ పెరుగుతుంది. ఆ భారం తిరిగి తిరిగి జనం మీదికే వస్తుంది.

ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో ఇళ్లకు కరెంటు, గ్యాస్ అమ్మేది ప్రధానంగా ప్రైవేటు కంపెనీలు. అక్కడ 2019 జనవరి నుంచి గృహ వినియోగదారులకు ధరల పరిమితి పెట్టారు. 2021లో గ్యాస్ ధర ఎగబాకింది. చిన్న కంపెనీలు ఎక్కువకు కొని తక్కువకు అమ్మలేక దాదాపు 30 వరకు మూతపడ్డాయి. వాటి వినియోగదారులను వేరే కంపెనీలకు మార్చిన ఖర్చును దేశంలోని అందరి బిల్లుల్లో కలిపారు. పరిమితి కూడా కొనుగోలు ధర వెంట పైకి పోయింది. చివరికి 2022 అక్టోబరులో ప్రభుత్వం సగటు ఇంటి బిల్లు ఏడాదికి 2,500 పౌండ్ల దగ్గర ఆగేలా చూసి, తేడా తన ఖజానానుంచి కట్టింది. సొమ్ము పెట్టాకే కట్టడి నిలబడింది.

‘లాభం కోరే కంపెనీలను పక్కనపెట్టి, లాభం లేని సంస్థ పెట్టుకుంటే పోలేదా?’ అని మీరు అడగవచ్చు. అక్కడ అదీ చేశారు. నాటింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2015లో రాబిన్‌హుడ్ ఎనర్జీ పెట్టింది. ప్రైవేటు వాటాదారులు లేరు, పంచుకునే లాభం లేదు. ఉద్దేశం మంచిదే. కానీ కరెంటును అందరిలాగే బజారులో కొనాలి. లెక్కల మీద గట్టి నిఘా లేదు. 2020లో వినియోగదారులను బ్రిటిష్ గ్యాస్‌కు అప్పగించి మూసేశారు. కౌన్సిల్‌కు దాదాపు 3.8 కోట్ల పౌండ్లు నష్టం. అదీ ప్రజల సొమ్మే.

అయితే సహకార పద్ధతి పనికిరాదా? మన సిరిసిల్లనే చూడండి. అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనం ‘సెస్’ అంటాం, 1970లో మొదలైంది. దేశంలో మొదట పెట్టిన 5 గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. యాభై ఏళ్లు దాటినా నడుస్తోంది. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. స్తంభం ఒరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా అడగడానికి ఊళ్లో తెలిసిన మనిషి ఉంటాడు.

కానీ సెస్ కరెంటు తయారు చేయదు. డిస్కం దగ్గర టోకున కొని ఇళ్లకు, పొలాలకు, మరమగ్గాలకు ఇస్తుంది. టోకు ధర పెరిగినా, రాయితీ సొమ్ము రాకపోయినా ముందు దెబ్బ తగిలేది ఇలాంటి సంఘానికే. అదే తొలి 5 సంఘాల్లో మహారాష్ట్రలోని ముళా ప్రవర ఒకటి. కరెంటు అమ్మిన సంస్థకు కట్టాల్సిన బకాయిలు కొండలా పేరుకుని, 2011లో ఆ సంఘం చేతినుంచి సరఫరా పోయింది. సహకార సంఘం అన్న పేరు దాన్ని కాపాడలేదు.

కాబట్టి మిత్రులారా, ధర కట్టడి కావాలి, లాభం లేని సంస్థలూ కావాలి. కానీ కరెంటు ఎంతకు కొన్నారు, రాయితీ సొమ్ము ఎవరు కట్టారు అన్న లెక్క మన కళ్లముందు లేకపోతే రెండూ నిలవవు.

మనం చేయాల్సినవి మూడు. ఒకటి, ప్రతి గ్రామ కమిటీ సమావేశంలో ఒక బిల్లు తెచ్చి వరుస వరుసా అందరికీ చదివి వినిపించాలి. రెండు, ఛార్జీల ప్రతిపాదనల మీద మండలి పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరుతుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. అభ్యంతరం ఎవరైనా రాయవచ్చు, దానికి వకీలు అక్కర్లేదు. రెండు ప్రశ్నలు తప్పక రాయండి: ఏ ఒప్పందం కింద యూనిట్ ఎంతకు కొన్నారు? పోయిన ఏడాది ప్రకటించిన రాయితీలో ఎంత జమైంది? మూడు, సహకార సంఘం ఉన్న చోట మన సభ్యులు ఓటు వేసి ఊరుకోకుండా, మహాసభకు వెళ్లి జమాఖర్చులు అడగాలి.

ట్రూ అప్ వచ్చాక ధర్నా చేయడం తప్పు కాదు. కానీ అప్పటికి ఖర్చు అయిపోయి ఉంటుంది. విచారణ రోజున హాలు నిండా మనం ఉంటే, ఆ ఖర్చు పెట్టేముందే వాళ్లు మనకు జవాబు చెప్పాల్సి వస్తుంది.