ఎండ అందరిది, నేల ఎవరిది?
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. మా నాయన కూలికి పోయి నన్ను చదివించినాడు. బుడ్డి దీపం కింద చదువుకున్నోణ్ణి, కరెంటు వద్దని ఎన్నడూ అనను. బాబాసాహెబ్ కూడా అనలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో ఆయన లేబర్ మెంబరు. విద్యుత్తు వ్యవహారాలు ఆయన కిందే ఉండేవి. చౌకగా, పుష్కలంగా కరెంటు ఉంటేనే పరిశ్రమలు వస్తాయి, పేదరికం పోతుందని వాదించినారు.

ఇప్పుడు రాజస్థాన్ ఎడారి సంగతి చూడండి. భడ్లాలో సుమారు 14 వేల ఎకరాల్లో సోలార్ ప్లేట్లు పరిచినారు. 2,245 మెగావాట్లు. ఆ కరెంటు గ్రిడ్డు మీదుగా దూరపు నగరాలకు పోతుంది. మధ్యాహ్నం పొంగిపొర్లుతుంది, నగరం దీపాలు వేసే వేళకు సున్నా! 2025లో లైన్లు చాలక రాజస్థాన్‌లో పట్టపగలే కొంత ఉత్పత్తి ఆపేసినారు. నమ్మకమైన కరెంటుకు రెండు కావాల. ఒకటి, ఎంత దూరం పోయినా నష్టం తక్కువుండే 800 కిలోవోల్టుల డీసీ లైను. రెండు, పగటి కరెంటును రాత్రికి దాచే బ్యాటరీలు. లేదంటే పగలు నీళ్ళు పైకెక్కించి రాత్రి కిందికి వదిలే పద్ధతి. మన కర్నూలు వైపు పిన్నాపురం ప్రాజెక్టు ఆ రకమే. వీటికి వేల కోట్లు దొరుకుతాయి.

నగరానికి భరోసా సరే. ఎడారి మనిషికో?

రికార్డుల్లో ఆ నేల ‘బంజరు’. కానీ జైసల్మేరు వైపు ఓరణ్‌లు ఉన్నాయి. దేవుడి పేరున చెట్టు నరకని ఊరుమ్మడి నేలలు. కాపర్లు గొర్రెలు, ఒంటెలు మేపేది అక్కడే. వాటిని రెవెన్యూ రికార్డుకు ఎక్కించమని జనం పాదయాత్రలు చేసినారు. బంజరు అనే మాట మనకు కొత్తా? మన మేక మేసేదెక్కడ? మన అమ్మ పుల్లలు ఏరేదెక్కడ?

అంత దూరమెందుకు, పక్కనే కర్ణాటకలో తెలుగు మాట్లాడే పావగడకు పోదాం. 5 ఊళ్ళు, 13 వేల ఎకరాలు. అక్కడ భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచే ఒప్పందం. అమ్ముకోవడం కంటే మేలే. కానీ ఆ కౌలు పట్టా ఉన్నోడికి. ఆ చేలల్లో కలుపు తీసిన అక్కకు ఏమొచ్చింది? ప్లేట్లు పరిచిన చేలో వేరుశనగా లేదు, కూలీ లేదు.

అందుకే మనం అడగాల్సింది ఇది. సర్వేకు ముందే గ్రామసభ పెట్టాల. బంజరు, అసైన్డు నేలలు ఎవరు వాడుకుంటున్నారో పేర్లతో రాయాల. భూమి కౌలుకే ఇవ్వాల, అమ్మకానికి కాదు. భూమిలేని కూలి కుటుంబానికీ ఏటా వాటా ఇయ్యాల.

రేపు సర్వేయరు వస్తే వాడ నుంచి పదిమంది ఎదురుపోండి. ఆ పేర్ల కాయితం చేత పట్టుకొని పోండి.

జై భీం!