సెల్‌ఫోనులో గుప్తలిపి

మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు దూరదేశములకు పోవుట చాలకాలముగా జరుగుచున్నది. మునుపు వారిని ఇంటితో కలుపునది ఉత్తరము, నేడు సెల్‌ఫోను. బ్యాంకు లెక్క, ఆధార్ ప్రతి, బిడ్డల ఫోటోలు అన్నియు అందులోనే. నల్లగొండ బస్టాండులో అది జారిపడినచో దొరకినవానికి ఒక సంసారపు గుట్టంతయు దొరకును.

దీనికి మందు గుప్తలిపి. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో దీనిని చేర్చినాడు. మన పిల్లల ‘క’ భాషయు ఇట్టిదే. ప్రతి హల్లునకు బదులు వర్ణమాలలో దాని తరువాతి హల్లును వ్రాసితిమేని ‘పాలమూరు’ ‘ఫావయూలు’ అగును. ఈపాటి గుట్టును బడిపిల్లవాడు విప్పగలడు. ఫోనులందలి ఏ.ఇ.ఎస్. పద్ధతి అట్టిది కాదు. బెల్జియం దేశస్థులు డేమన్, రైమన్ కల్పించిన ఈ పద్ధతిని 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించినది. పద్ధతి లోకమునకంతకు తెలిసినదే. తాళపుచెవి యొక్కటే రహస్యము.

ఇట్టి పద్ధతులను సిద్ధము చేసి యుంచిన ప్రోగ్రాముల సంపుటికి క్రిప్టో లైబ్రరీ యని పేరు. యాపులు వ్రాయువారు సొంత గుప్తలిపులు కల్పించుకొనక దీనిని వాడుకొనుట మేలు. అందులోనే దోషము దొరలినచో అందరకు ముప్పు. 2014లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ దోషము బయల్పడినప్పుడు అదియే జరిగినది. ఆ యేడే గూగుల్ సంస్థ దానినుండి బోరింగ్ ఎస్.ఎస్.ఎల్. అను శాఖను వేరుచేసికొనినది. నల్లగొండవారికి బోరింగనగానే ఫ్లోరైడు నీళ్లు జ్ఞప్తికి వచ్చును గాని, ఇచ్చట దాని యర్థము చప్పనిది, వింతలు లేనిది అని.

మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుండి క్రొత్త ఫోనులందలి సమాచారమును గుప్తపరచుట నియమమైనది. కాని సెకనుకు సుమారు 50 మెగాబైట్ల వేగముతో ఏ.ఇ.ఎస్. నడపలేని ఫోనులకు మినహాయింపు నిచ్చిరి. ఖరీదైన చిప్పులకు ఏ.ఇ.ఎస్. కొరకు ప్రత్యేకమైన ఆదేశములు కలవు. కార్టెక్స్ ఏ-7 వంటి చవుక చిప్పులకు లేవు. అనగా ఫోను పోయినచో ఎవనికి ఎక్కువ నష్టమో, వాని యింటికే తలుపు లేదు!

ఈ లోటు తీర్చినవారు గూగుల్‌లోని పాల్ క్రౌలీ, ఎరిక్ బిగర్స్. 2018లో వారు ప్రకటించిన అడియాంటమ్ పద్ధతి ప్రధానముగా కూడికలు, గుణకారములు వంటి సామాన్యగణితముతో నడచును. కార్టెక్స్ ఏ-7పై ఇది ఏ.ఇ.ఎస్. కంటె సుమారు ఐదింతలు వేగము కలది. ఇక సాకు లేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో బయలుదేరిన ఫోనులకన్నిటికి, ఎంత చవుకవైనను, గుప్తలిపి తప్పనిసరి యైనది.

అయితే తాళపుచెవి పుట్టుటలో మనము పెట్టుకొను పిన్నునకును పాలు కలదు. పిన్ను లేని ఫోను దొరకినవానికి తెరచిన పుస్తకమే. దానిని కాగితముపై వ్రాసి, ఫోనుకు అంటించి మరమ్మతు దుకాణములో ఇచ్చువారిని ఏమనవలెను? పాత ఫోనులు కొనువారికి ఇంకొక మాట: మునుపటి మినహాయింపు పొందిన ఫోనులు నేటికిని చేతులు మారుచుండవచ్చును. సొమ్ము చెల్లింపకముందే, సెట్టింగులలో భద్రత శీర్షిక క్రింద ‘ఎన్‌క్రిప్టెడ్’ అని యున్నదో లేదో చూడుడు.