తాగని నేల, మోసే చేతులు



హక్కుల సదస్సులో సబ్బునీళ్ల గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను మట్టి శాస్త్రం చదివినదాన్ని కాదు, సమాజశాస్త్రం మనిషిని. ఈ ప్రశ్న నా ముందు పెట్టింది గుంటూరు జిల్లా పత్తి పల్లెలో ఒక పెద్దామె. ఆమె పెరట్లో ఇంకుడుగుంత తవ్వారు. రెండో ఏడాదికే అది నిండి వీధిలోకి పొంగింది. చూడవచ్చిన అధికారి "ఆడవాళ్లు చెత్త వేసుంటారు" అనేసి పోయాడు. "బట్టలుతికిన నీళ్లే పోశానమ్మా. మొదట్లో తాగిన నేల ఇప్పుడెందుకు తాగదు?" అని ఆమె నన్నడిగింది.

తెలిసినవాళ్లని అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. వేసవిలో ఆ నెర్రెల్లోకి కడవలకొద్దీ నీళ్లు దిగిపోతాయి. పూర్తిగా ఉబ్బాక గంటకు మిల్లీమీటరు ఇంకడం కూడా కష్టమే. గుంత రోజూ తడిగా ఉండే చోటు, అక్కడ నెర్రె విచ్చేదెప్పుడు? దానిమీద సబ్బుపొడి వచ్చిపడింది.

పొడిలో మురికిని విడదీసే రసాయనం నీటి తలతన్యతను తగ్గిస్తుంది, దాంతో సన్నని రంధ్రాలు నీటిని లాక్కునే బలం తగ్గుతుంది. అసలు చిక్కు బట్టల సోడాతో. చవక పొడుల్లో పెద్ద వాటా దానిదే. కిలో సోడాలో సుమారు 430 గ్రాములు సోడియమే. బంకమట్టి రేణువులను గుంపుగా పట్టి ఉంచేది కాల్షియం. సోడియం దాని చోట్లో కూర్చుంటుంది. సోడాలోని కార్బొనేటేమో మిగిలిన కాల్షియాన్ని సున్నపురాయిగా మార్చేస్తుంది. రేణువులు విడిపోయి, కదిలి, సందుల్లో ఇరుక్కుంటాయి. దారి మూసుకుపోతుంది.

రైతులు చౌడు అనేది దీన్నే. రజక స్త్రీలు తరతరాలుగా చౌడు మట్టి తెచ్చి బట్టలు ఉబ్బ వేసింది అందులోని సోడా కోసమే. అప్పుడు నేలలోంచి తీశారు, ఇప్పుడు పొట్లంలో కొని నేలలో పోస్తున్నాం.

1969లో అహమ్మదాబాదులో మొదలైన నిర్మా లాంటి చవక పొడులను నేను తిట్టను. సబ్బు నురగ రాని ఉప్పునీళ్లలో ఉతికే చేతులకు అవి ఊరటే. పత్తికీ మిరపకీ మందు కొట్టొచ్చిన చొక్కా వదలాలంటే పిడికెడు ఎక్కువే పడుతుంది. ఆ చొక్కా ఉతికేదెవరో మీకు తెలుసు.

సబ్బునీళ్లతో పొలాలు పాడవుతున్నాయని కూడా అనను. ఇది పెరటి సంగతి. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ బోర్లలో సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువగా ఉండటం మామూలే. అక్కడ చేను గట్టిపడితే ఆ నీళ్లను అనుమానించాలి, ఉతికే ఆడదాన్ని కాదు.

జిప్సం వేస్తే కాల్షియం తిరిగి చేరుతుంది. కాని సోడియం కొట్టుకుపోవడానికి నీళ్లు కిందికి దిగాలి కదా, పూడిన గుంతలో అదే కుదరదు. అందుకే తవ్వకముందే మోకాలి లోతు గొయ్యి తీసి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి మళ్లీ నింపి ఎంతసేపటికి దిగుతాయో చూడాలి. దీనికి కడవ, గడియారం చాలు. ఆ ఇంటి ఆడమనిషి చూసి సరేనన్నాకే బిల్లు రాయాలని గ్రామసభలో అడుగుదాం. దిగనిచోట మురుగుకాలువే కావాలి.

నేను చివరిసారి వెళ్లినప్పుడు ఆ పెద్దామె గుంత పూడ్చేసి ఉంది. కాలువ రాలేదు. బోరు దగ్గర్నుంచి తెచ్చే నీళ్లతో పాటు, ఉతికిన నీళ్లను కూడా బక్కెట్లతో ఊరి బయటికి మోస్తోంది.