పాట ఆగినా తలవంచలేదు



పునీత హిల్డెగార్డ్ 1098లో జర్మనీలో పుట్టారు. చిన్ననాడే యుట్టా అనే సన్యాసిని దగ్గర కీర్తనలు చదవడం, పాడడం నేర్చుకున్నారు. తర్వాత బింగెన్ దగ్గర మఠం స్థాపించి, ఎన్నో పాటలు కట్టారు; మూలికల మీద గ్రంథం రాశారు.

80 ఏళ్ల వయసులో పరీక్ష ఎదురైంది. ఒకప్పుడు శ్రీసభ వెలివేసిన వ్యక్తిని మఠం ఆవరణలో సమాధి చేశారు. తవ్వి తీయమన్నారు మైంజ్ మతాధికారులు. చనిపోయేముందే అతనికి క్షమాపణ దొరికిందంటూ ఆమె ఒప్పుకోలేదు. మఠంలో పాట నిషేధించారు. ప్రార్థనలు తలుపులు మూసుకుని మెల్లగా చదువుకోవలసి వచ్చింది. ఆమె లేఖలతో పోరాడారు. 1179లో నిషేధం తొలగింది. ఆ సెప్టెంబరులోనే కన్నుమూశారు.

గురువు ఋణం నేర్చిన పాటతోనే కాదు, ఇలాంటి నిలకడతోనూ తీరుతుంది.